ఏ పని ఎవరికి? – వృత్తి వికాస సిద్ధాంతాల పరిచయం

విశాఖపట్నం నుండి శ్రీకాకుళం పోయే జాతీయ రహదారి మీద, విశాఖకు ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో భోగాపురం ఉన్నది. విజయనగరం జిల్లాలోని ఈ మండలానికి ఒక ప్రక్క బంగాళాఖాతం. మరొక ప్రక్క మెట్ట పొలాలు, కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటలు. ముక్కాం, చేపలకంచేరు వంటి తీరగ్రామాలకు చేపలవేట జీవనాధారం. ఇటువంటి ఊళ్ళలో పుట్టిన పిల్లవానికి, పెద్దవాడైన తరువాత ఏ పని చేయాలి అన్న ప్రశ్న చాలాకాలం వరకు అంతగా ఎదురుకాలేదు. తండ్రి తెప్ప ఎక్కితే కొడుకూ ఎక్కేవాడు. తల్లి తోటపనికి పోతే కూతురూ వెంట పోయేది. పని నేర్చుకొనే బడి, పని దొరికే చోటు రెండూ ఇల్లే.

ఈ ప్రాంతంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మించుటకు సుమారు 2,200 ఎకరాల భూమిని కేటాయించారు. 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగినది. రెండవ శంకుస్థాపన తరువాత నిర్మాణం ఊపందుకొన్నది. మరడపాలెం, ముడసర్లపేట మొదలైన గ్రామాల కుటుంబాలు పాత ఊళ్ళు వదలి కొత్త కాలనీలకు తరలినవి. ఈ మార్పు పెద్దలకు భూమి, ఇల్లు, పరిహారం అనే ప్రశ్నలను తెచ్చిపెట్టినది. పదవ తరగతి చదివే పిల్లలకు తెచ్చిన ప్రశ్న వేరు. తండ్రి చేసిన పని తనకు మిగలనప్పుడు, కొత్తగా వచ్చే పనులేవో ఇంట్లో ఎవరికీ తెలియనప్పుడు, దారిని ఎట్లా ఎంచుకోవాలి?

ఈ ప్రశ్న భోగాపురానికి మాత్రమే పరిమితమైనది కాదు. పల్లె పట్నంగా మారిన ప్రతిచోటా ఇది పుట్టినది. దీనికి సమాధానం వెదికే ప్రయత్నంలో గత నూరు సంవత్సరాలకు పైగా మనస్తత్వశాస్త్రంలో ఒక శాఖ పెరిగినది. దానినే వృత్తి వికాస శాస్త్రం అనవచ్చును.

ఉద్యోగం, వృత్తి, వృత్తి వికాసం

ఈ మాటలను సాధారణంగా ఒకే అర్థంలో వాడుతుంటారు. శాస్త్రంలో వీటికి భేదం ఉన్నది. ఒక పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని స్థానం ఉద్యోగం. ఉపాధ్యాయులందరూ చేసే పని వృత్తి. ఒక మనిషి బాల్యంలో పని గురించి కనే కలల నుండి, చదువు, మొదటి సంపాదన, పని మార్పులు, విశ్రాంతి వరకు సాగే మొత్తం నడకను వృత్తి వికాసం అంటారు. ఉద్యోగం ఒక రోజున దొరకవచ్చును, మరొక రోజున పోవచ్చును. వికాసం మాత్రం జీవితమంతా సాగుతూనే ఉంటుంది.

ఈ భేదం గుర్తుంచుకొంటే ఒక పొరపాటు తొలగిపోతుంది. పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారంలో తీసుకొనే నిర్ణయమే జీవితాన్ని శాశ్వతంగా నిర్ణయిస్తుందని చాలా కుటుంబాలు భయపడతాయి. ఆ నిర్ణయం ముఖ్యమైనదే. కాని దానికి ముందు పది సంవత్సరాల కథ ఉన్నది, తరువాత నలభై సంవత్సరాల కథ ఉన్నది.

మొదటి అడుగు: పార్సన్స్

అమెరికాలోని బోస్టన్ నగరానికి ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో వేలాది కుటుంబాలు ఇతర దేశాల నుండి వలస వచ్చినవి. వారి పిల్లలకు తండ్రుల పనులు అక్కడ పనికిరాలేదు. బడి మానివేసి, ఎదురుగా కనిపించిన మొదటి పనిలో చేరేవారు. కొద్ది నెలలలో దానిని వదిలేవారు. ఈ యువకులకు సలహా చెప్పుటకు ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908 జనవరిలో అక్కడ ఒక కార్యాలయం తెరిచాడు. అదే సంవత్సరం ఆయన మరణించాడు. ఆయన వ్రాసిన పుస్తకం 1909లో వెలువడినది.

పార్సన్స్ చెప్పినది మూడు మాటలలో ఇమిడిపోతుంది. ఒకటి, తన్ను తాను తెలుసుకొనుట. అనగా తన శక్తులు, అభిరుచులు, వనరులు, పరిమితులు గ్రహించుట. రెండు, పనులను తెలుసుకొనుట. అనగా ఆయా పనులకు కావలసిన అర్హత, వచ్చే ప్రతిఫలం, ఎదుగుదల అవకాశాలు విచారించుట. మూడు, ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి నిదానంగా ఆలోచించుట.

వినుటకు ఇది అతి సామాన్యంగా తోస్తుంది. అయినా, భోగాపురంలో నేటికీ ఎక్కువగా లోపించేది రెండవ అడుగే. విమానాశ్రయం అనగానే పిల్లల మనస్సులో మెదిలేవి రెండే పనులు: విమానం నడిపే పైలట్, విమానంలో పలకరించే పరిచారిక. మరి విమానాన్ని ఆకాశంలో ఏ ఎత్తులో, ఏ దారిన రావాలో నేల మీది నుండి ఆదేశించేవారున్నారు. వారిని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు అంటారు. ఆ పనికి భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నియామకాలు జరుపుతుంది. భౌతికశాస్త్రం, గణితం ఉన్న సైన్సు పట్టం గాని, ఇంజనీరింగు పట్టం గాని కావాలి. అంటే పదవ తరగతి కాగానే గణితాన్ని వదలిన బాలికకు, తాను ఎన్నడూ పేరు వినని ఒక ద్వారం దాదాపు మూసుకొనిపోయినదన్నమాట. తెలిసి వదలుకొనుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు. ఈ రెండింటి మధ్య తేడాను చూపగలిగినవాడు ఉపాధ్యాయుడు.

ఆరు రకాల మనుషులు, ఆరు రకాల పనులు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త సైన్యంలో చేరేవారిని ప్రశ్నించి వివరాలు వ్రాసుకొనే పనిలో ఉండేవాడు. వారి పూర్వపు పనులను పరిశీలించగా, మనుషులు కొద్దిపాటి తరగతులలోకి సర్దుకొంటారని ఆయనకు తోచినది. 1959లో ప్రకటించి, తరువాత మెరుగుపరచిన సిద్ధాంతంలో ఆయన ఆరు రకాలు చెప్పాడు. అవి మనుషులకూ వర్తిస్తాయి, పని వాతావరణాలకూ వర్తిస్తాయి. ఒక విమానాశ్రయాన్నే ఉదాహరణగా తీసుకొంటే అవి సులభంగా బోధపడతాయి.

చేతులతో, పనిముట్లతో, యంత్రాలతో పని చేయుట ఇష్టపడేవారు మొదటి రకం. రన్‌వే దీపాలు చూచే ఎలక్ట్రీషియను, విమానాన్ని మరమ్మతు చేసే మెకానిక్కు ఇట్టివారు. ఎందుకు, ఎట్లా అని విచారించేవారు రెండవ రకం. గాలి, మబ్బు, పొగమంచు గమనించి సూచన ఇచ్చే వాతావరణ శాస్త్రజ్ఞుడు దీనికి ఉదాహరణ. రూపం, రంగు, ధ్వని మీద మక్కువ కలవారు మూడవ రకం. కట్టడానికి రూపకల్పన చేసేవారు, గోడలపై చిత్రాలు తీర్చేవారు వీరు. మనుషులకు సాయపడుటలో, నేర్పుటలో తృప్తి పొందేవారు నాల్గవ రకం. వృద్ధ ప్రయాణికులను చూచుకొనేవారు, ప్రథమ చికిత్స చేసేవారు, కొత్త సిబ్బందికి శిక్షణ ఇచ్చేవారు ఇందులో చేరుతారు. ఇతరులను ఒప్పించి, నడిపించి, వ్యాపారం చేసేవారు అయిదవ రకం. దుకాణం నడిపేవాడు, సరకు రవాణా కుదిర్చేవాడు ఇట్టివారు. లెక్క, క్రమం, పద్ధతి ఇష్టపడేవారు ఆరవ రకం; సామాను పట్టీలు, జీతాల లెక్కలు, రికార్డులు చూచేవారు వీరు.

ఏ మనిషీ పూర్తిగా ఒకే రకానికి చెందడు. ప్రతివానిలో రెండు మూడు రకాలు ముందుకు వస్తాయి. మనిషి రకం, పని రకం కలిసినచోట తృప్తి ఎక్కువగా ఉంటుందని హాలండ్ చెప్పాడు. తరువాతి పరిశోధనలు ఈ సంబంధం ఉన్నదని చూపినవి. కాని అది ఊహించినంత బలమైనది కాదని కూడా చూపినవి. జీతం, తోటివారు, పై అధికారి తీరు, ఇంటి పరిస్థితి కూడా తృప్తిని నిర్ణయిస్తాయి. కనుక ఈ ఆరు రకాలను జాతకం వలె వాడరాదు. పిల్లవాడు తన గురించి ఆలోచించుట మొదలు పెట్టేందుకు ఉపకరించే ఒక అద్దంగా వాడవచ్చును.

వయస్సుతో పాటు పెరిగే వృత్తి

హాలండ్ సిద్ధాంతం ఒక క్షణంలో తీసిన ఛాయాచిత్రం వంటిది. డోనాల్డ్ సూపర్ అనే మరొక అమెరికన్ శాస్త్రజ్ఞుడు కదిలే చిత్రాన్ని చూడాలన్నాడు. ఆయన 1950 దశకంలో ప్రతిపాదించిన ప్రకారం వృత్తి జీవితానికి అయిదు దశలు: సుమారు 14 ఏళ్ళ వరకు ఎదుగుదల, 15 నుండి 24 వరకు అన్వేషణ, 25 నుండి 44 వరకు స్థిరపడుట, 45 నుండి 64 వరకు నిలబెట్టుకొనుట, ఆ తరువాత క్రమంగా విరమించుట. మనిషి తన గురించి తాను ఏర్పరచుకొన్న భావాన్ని పని ద్వారా ఆచరణలో పెట్టుటయే వృత్తి అని సూపర్ అభిప్రాయం.

సూపర్, ఆయన సహచరులు 1951లో న్యూయార్కు రాష్ట్రంలోని మిడిల్‌టౌన్ అనే ఊరిలో ఒక దీర్ఘకాల పరిశోధన ప్రారంభించారు. అక్కడి హైస్కూలు బాలురను ఎంచుకొని, వారు పెద్దవారై పనులలో కుదురుకొనే వరకు గమనిస్తూ వచ్చారు. తొమ్మిదవ తరగతిలో బాలురు ఫలానా పని చేస్తామని చెప్పిన మాటలు చాలావరకు నిలవలేదు. నిలిచినది మరొకటి. ముందుచూపు, పనుల గురించిన సమాచారం, విచారించి తెలుసుకొనే అలవాటు ఆ వయస్సులో కలిగినవారు తరువాత మెరుగుగా కుదురుకొన్నారు. అంటే పదిహేనేళ్ళ పిల్లవానిని “ఏమవుతావు?” అని గద్దించి అడిగి ఒక జవాబు రాబట్టుట కన్న, వెదికే పద్ధతి నేర్పుట మేలు.

దశలు గోడలు కావని సూపర్ తరువాతి రచనలలో స్వయంగా చెప్పాడు. మనిషి ఏ వయస్సులోనైనా కొత్త పనికి పూనుకొన్నప్పుడు అన్వేషణ మళ్ళీ మొదలవుతుంది. దీనికి ఉత్తరాంధ్రలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. గిడుగు వేంకట రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. పన్నెండేళ్ళ ప్రాయంలో తండ్రిని పోగొట్టుకొన్నారు. విజయనగరంలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, ఆ మరుసటి సంవత్సరం పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ఇంటి అవసరం తెచ్చిన ఉద్యోగం అది. కాని అక్కడ పరిసరాల కొండలలో నివసించే సవరల భాష ఆయన కుతూహలాన్ని రేకెత్తించినది. తెలుగు వచ్చిన సవర దుబాసీ సాయంతో ఆ భాష నేర్చుకొన్నారు. ఉద్యోగం చేస్తూనే ప్రయివేటుగా చదివి 1896లో బి.ఎ. పూర్తి చేశారు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత వ్యావహారిక భాషోద్యమాన్ని తన ప్రధాన కార్యంగా చేసుకొన్నారు. సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడేనాటికి ఆయన వయస్సు 68 సంవత్సరాలు. లెక్క ప్రకారం అది విరమించవలసిన దశ. మొదటి ఉద్యోగం ఆయనకు అన్నం పెట్టినది. ఆ ఉద్యోగం చేస్తూ పెంచుకొన్న కుతూహలం ఆయనను భాషాశాస్త్రవేత్తను చేసినది.

ఎన్నుకొనే ముందే కొట్టివేసినవి

ఇంతవరకు చెప్పిన సిద్ధాంతాలన్నీ పిల్లవాడు దేనిని ఎన్నుకొంటాడు అన్న ప్రశ్న వేసినవి. 1981లో లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ ప్రశ్నను తిరగవేసినది. పిల్లలు దేనిని కొట్టివేస్తారు, ఎప్పుడు కొట్టివేస్తారు అని ఆమె అడిగినది. ఉపాధ్యాయులకు అన్నిటికన్న ఎక్కువగా ఉపయోగపడేది బహుశా ఈ సిద్ధాంతమే.

ఆమె ప్రకారం మూడు నుండి అయిదేళ్ళ మధ్య పిల్లలు పనిని పెద్దవాళ్ళ విషయంగా గ్రహిస్తారు. పెద్దవాళ్ళు బలవంతులు, వారు పనులు చేస్తారు, అంతే. ఆరు నుండి ఎనిమిదేళ్ళ మధ్య ఇది ఆడవారి పని, ఇది మగవారి పని అనే గీత గీసుకొంటారు; గీతకు అవతల ఉన్నవాటిని పక్కకు తోసివేస్తారు. తొమ్మిది నుండి పదమూడేళ్ళ మధ్య పనులకు హెచ్చుతగ్గులు కట్టుట నేర్చుకొంటారు. ఫలానా పని చిన్నతనం, ఫలానా పని మన స్థాయికి అందదు అని మరికొన్నిటిని తోసివేస్తారు. పద్నాలుగేళ్ళు దాటిన తరువాత గాని తన స్వంత అభిరుచి ఏమిటన్న విచారణ మొదలు కాదు.

ఈ వరుసలో ఉన్న చిక్కు గమనించదగినది. అభిరుచి అనేది రంగంలోకి వచ్చేటప్పటికే రెండు జల్లెడలు పని ముగించినవి. మిగిలిన కొద్ది పనుల నుండే పిల్లవాడు ఎన్నుకొంటాడు, ఎన్నిక స్వేచ్ఛగా జరిగినదని అనుకొంటాడు. చేతిపనిలో నేర్పు కలిగి, ఇంట్లో పాడైన స్విచ్చిని తానే బాగుచేసే బాలిక ఎలక్ట్రీషియను పనిని ఏడవ ఏటనే కొట్టివేసి ఉండవచ్చును. జబ్బుపడిన తమ్ముణ్ణి ఓపికగా చూచుకొనే బాలుడు నర్సు పనిని అదే వయస్సులో కొట్టివేసి ఉండవచ్చును. కూలి ఇంటి పిల్లవాడు ఇంజనీరు పనిని పదకొండవ ఏట, ఎవరూ వద్దనకుండానే వదులుకొని ఉండవచ్చును. ఆ సంగతి వారికే గుర్తుండదు.

ఆ తరువాత వచ్చేది రాజీ. కోరిన పని అందనప్పుడు మనిషి ఏదో ఒకటి వదలుకోవాలి. సామాన్యంగా ముందు అభిరుచిని, తరువాత హోదాను, చివరకు గాని ఆడ-మగ గీతను వదలుకోరని గాట్‌ఫ్రెడ్‌సన్ భావించినది. ఈ క్రమం అన్ని సందర్భాలలోను నిలవదని తరువాతి పరీక్షలలో తేలినది. కాని ముందే కొట్టివేయబడిన పనులు ఉంటాయన్న ఆమె మూలసూత్రం విలువ తగ్గలేదు.

‘నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం

కొట్టివేసిన పనిని మళ్ళీ తెరిపించుట ఎట్లా? ఆల్బర్ట్ బాండురా 1977లో వివరించిన ఒక భావన ఇందుకు దారి చూపుతుంది. ఫలానా పని తన వల్ల అవుతుందన్న నమ్మకాన్ని స్వశక్తి విశ్వాసం అనవచ్చును. శక్తి ఉండుట ఒకటి, ఉన్నదని నమ్ముట మరొకటి. సమాన మార్కులు గల ఇద్దరిలో నమ్మకం లేనివాడు ముందే వెనుదిరుగుతాడు. లెంట్, బ్రౌన్, హాకెట్ అనే ముగ్గురు 1994లో ఈ భావనను వృత్తి వికాసానికి అన్వయించారు.

ఈ విశ్వాసం నాలుగు ఊటల నుండి పుడుతుంది. స్వయంగా చేసి సాధించిన అనుభవం అన్నిటికన్న బలమైనది. తనవంటివాడు సాధించగా చూచుట రెండవది. నమ్మదగినవారి ప్రోత్సాహం మూడవది. భయం, ఆందోళన లేని శరీర మనఃస్థితి నాల్గవది.

ఇందులో ‘తనవంటివాడు’ అన్న మాట ముఖ్యమైనది. దూరనగరం నుండి ఒక గొప్ప అధికారిని పిలిపించి ఉపన్యాసం ఇప్పిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. ఆయన వేరు, మేము వేరు అనుకొని ఇంటికి పోతారు. అదే బడిలో, అదే బల్ల మీద కూర్చొని చదివి, అయిదేళ్ళ క్రితం పాలిటెక్నిక్‌లో చేరిన పొరుగువీధి అమ్మాయి వచ్చి, మొదటి సంవత్సరం గణితంలో తప్పి మళ్ళీ ఎట్లా గట్టెక్కినదో చెప్పితే, పిల్లల లెక్క మారుతుంది.

అనుకోనివి, వాటికి సిద్ధంగా ఉండుట

జీవితంలో ఎన్నో మలుపులు అనుకోకుండా వస్తాయి. దీనిని లోపంగా చూడక, సిద్ధాంతంలోనే చేర్చినవాడు జాన్ క్రంబోల్ట్జ్. ఆయన, మిచెల్, లెవిన్ కలిసి 1999లో వ్రాసిన వ్యాసంలో, అనుకోని అవకాశాన్ని వినియోగించుకొనేందుకు అయిదు గుణాలు కావాలన్నారు: కుతూహలం, పట్టుదల, సర్దుబాటు, ఆశాభావం, తెగువ.

విజయనగరం చరిత్రలోని ఒక సంఘటన ఈ సిద్ధాంతానికి చక్కని నిదర్శనం. 1893లో జన్మించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి కంటిచూపు సరిగా ఉండేది కాదు. అందువల్ల బడిచదువు సాగలేదు. అన్నగారి వద్ద వాయులీనం అభ్యసించారు. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరుటకు వచ్చిన ద్వారం వారి వాదనం విని, దాసుగారు ఆయనను అధ్యాపకులుగా ఉండదగినవారని గ్రహించారని సంగీతలోకంలో చెప్పుకొంటారు. ఇరవైఆరేళ్ళ వయస్సులో ఆయన అక్కడ వాయులీన ఆచార్యులయ్యారు. 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు.

కళాశాల ఆ సంవత్సరమే వెలయుట ఆయన చేతిలోని పని కాదు. అంతకుముందు సంవత్సరాల తరబడి చేసిన సాధన మాత్రం ఆయన చేతిలోనిదే. అవకాశం తలుపు తట్టినప్పుడు లోపల సాధన లేకపోతే తలుపు తెరిచినా ఫలితం ఉండదు. విమానాశ్రయం భోగాపురానికి రావడం కూడా అక్కడి పిల్లల చేతిలోని పని కాదు. అది ఎవరికి ఉపకరిస్తుందన్నది కొంతవరకు ఆ ఊరి బడులలో జరిగే సాధన మీద ఆధారపడుతుంది.

సిద్ధాంతాల హద్దులు

కొంతవరకు అని చెప్పుటకు కారణం ఉన్నది. వ్యక్తి గుణాలు ఎంత మంచివైనా పని ఉండాలి, పనికి చేరే దారి ఉండాలి. ఉత్తరాంధ్ర తీరంలోని మత్స్యకారులు సముద్రాన్ని ఎరిగినవారు. గాలి, నీటివాలు, చేప జాడ వారికి పుట్టుకతో అబ్బిన విద్య. అయినా స్థానికంగా చాలినంత పని దొరకక వందలాది మంది గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలసపోయి అక్కడి పడవలపై కూలికి పనిచేస్తారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన అటువంటి మత్స్యకారులను పాకిస్తాన్ రక్షక దళాలు సముద్రంలో నిర్బంధించినవి. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా సరిహద్దు వద్ద విడుదలై ఇంటికి చేరారు. వారికి కొరవడినది అభిరుచి కాదు, శక్తి కాదు, తెగువ అంతకన్నా కాదు. ఇటువంటి అడ్డంకులను, అండదండలను కూడా లెక్కలోకి తీసుకోవాలని లెంట్, ఆయన సహచరులు తమ సిద్ధాంతంలో స్పష్టంగా చెప్పారు.

మరొక హద్దు కూడా ఉన్నది. ఈ సిద్ధాంతాలలో చాలావరకు అమెరికాలో పుట్టినవి. అక్కడ నిర్ణయం వ్యక్తిది అని అనుకొంటారు. తెలుగు ఇళ్ళలో నిర్ణయం కుటుంబానిది. మేనమామ మాట, అక్క పెళ్ళి ఖర్చు, తమ్ముని చదువు అన్నీ అందులో చేరుతాయి. కనుక ఇక్కడ విద్యార్థికి మాత్రమే చెప్పిన సలహా సగం సలహా. తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పినప్పుడే అది పూర్తవుతుంది.

పాఠశాలలో ఆచరణ

మన దేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు. మొదలియార్ అధ్యక్షతన 1952–53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం, 1964–66 నాటి కొఠారీ సంఘం రెండూ పాఠశాలలలో మార్గదర్శకత్వం అవసరమని చెప్పినవి. 2020 జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల మధ్య పుస్తకాల సంచి లేని పది రోజులు కేటాయించి, స్థానిక పనివారి వద్ద పిల్లలు పని నేర్చుకోవాలని సూచించినది. గాట్‌ఫ్రెడ్‌సన్ చెప్పిన వయస్సులతో పోల్చి చూస్తే ఈ సూచన విలువ తెలుస్తుంది. పిల్లలు హోదా లెక్కలు కట్టే వయస్సు అదే.

ప్రత్యేక శిక్షణ పొందిన సలహాదారు లేని బడిలో కూడా ఒక ఉపాధ్యాయుడు మూడు పనులు చేయవచ్చును.

మొదటిది, కొట్టివేతల పట్టిక. ఎనిమిదవ లేక తొమ్మిదవ తరగతిలో నల్లబల్ల మీద ముప్పై పనుల పేర్లు వ్రాయాలి. తాము ఎన్నటికీ చేయబోమనుకొన్నవాటిని పిల్లలు కాగితం మీద కొట్టివేసి, ప్రతిదానికి ఎదురుగా కారణం వ్రాయాలి. కారణాలు సాధారణంగా ఆరు విధాలుగా వస్తాయి: నాకు ఇష్టం లేదు, అది ఆడవారి పని లేక మగవారి పని, మనవాళ్ళు చేయరు, నా వల్ల కాదు, డబ్బు లేదు, ఎక్కడ చదవాలో తెలియదు. మొదటి కారణాన్ని గౌరవించి వదిలివేయవచ్చును. మిగిలిన అయిదింటిలో ప్రతిదీ తిరిగి విచారించదగినదే. ‘తెలియదు’ అన్నదానికి సమాచారం మందు. ‘నా వల్ల కాదు’ అన్నదానికి చిన్న ప్రయత్నం మందు. కాగితాలపై పేర్లు అక్కరలేదు. బాహాటంగా చదివి పిల్లలను సిగ్గుపరచరాదు.

రెండవది, చుట్టుప్రక్కల పనుల జాబితా. పిల్లలే జట్లుగా పోయి, అయిదు ప్రశ్నలు వేసి వ్రాసుకొని రావాలి: ఈ పని ఏమిటి, ఎట్లా నేర్చుకొన్నారు, ఏమి చదవాలి, ఇందులో కష్టం ఏది, పదేళ్ళ తరువాత ఇది ఉంటుందా? ఈ జాబితాలో పాత పనులకూ చోటు ఉండాలి. తీరగ్రామపు బాలునికి సముద్రాన్ని వదలుటయే అభివృద్ధి అని చెప్పనక్కరలేదు. 1963లో కొచ్చిలో స్థాపితమైన కేంద్ర మత్స్య నౌకాయాన, ఇంజనీరింగు శిక్షణ సంస్థకు విశాఖపట్నంలో శాఖ ఉన్నది. పదవ తరగతి ఉత్తీర్ణులకు చేపలవేట నౌకలు నడుపుటలోను, నౌకా యంత్రాల పనిలోను రెండేళ్ళ శిక్షణ అక్కడ లభిస్తుంది. తండ్రి అనుభవంతో నేర్చిన విద్యకు కొడుకు యోగ్యతాపత్రం జోడించవచ్చును.

మూడవది, తల్లిదండ్రుల సమావేశం. పదవ తరగతి ఫలితాల తరువాత కాక, తొమ్మిదవ తరగతిలోనే జరపాలి. ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. మార్గాలలో ప్రతిదీ ఏ ద్వారాలు తెరుస్తుందో, ఏవి మూస్తుందో, మూసినవి తరువాత ఎట్లా తెరుచుకొనవచ్చునో బల్ల మీద గీసి చూపాలి. ఖర్చు ఎంత, ఉపకారవేతనం ఎక్కడ దొరుకుతుంది అన్నది కూడా అప్పుడే చెప్పాలి.

ఈ మూడింటికీ పరికరాలు అక్కరలేదు; కొంత సమయం, కొంత ఓపిక చాలును. వీటివల్ల ప్రతి పిల్లవాడు కోరిన పనిలో చేరుతాడని ఏ శాస్త్రమూ హామీ ఇవ్వదు. కాని ఒక హామీ ఇవ్వవచ్చును: తాను పేరు కూడా విననందువల్ల ఒక పనిని పోగొట్టుకొనే దుస్థితి తగ్గుతుంది. విమానాశ్రయపు ప్రహరీగోడకు బయట నిలబడి లోపలి దీపాలను చూచే బాలికకు, ఆ దీపాలను వెలిగించే మనుషులున్నారనీ, వారు కూడా ఏదో ఒక ఊరి బడిలో తొమ్మిదవ తరగతి చదివినవారేననీ ఎవరో ఒకరు చెప్పాలి. ఆమె ఏ దారిన పోతుందన్నది ఆమె, ఆమె కుటుంబం ఆలోచించుకొనే విషయం. ఆ మాట సకాలంలో ఆమె చెవిన వేయుట బడి బాధ్యత.